కళ్లె నెగెటివ్ వచ్చింది, ఎక్స్‌రేలో గుల్ల మాత్రం పోలేదు: టీబీ మందులు పనిచేస్తున్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మావారికి 38 ఏళ్లు. మస్కట్‌లో మేస్త్రీ పని చేసి నిరుడు తిరిగొచ్చారు. దగ్గు, సాయంత్రం జ్వరం తగ్గకపోతే కళ్లె పరీక్ష చేయించాం. టీబీ అన్నారు. ట్రూనాట్ అనే డీఎన్ఏ పరీక్షలో రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందని తేలింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 3 సెంటీమీటర్ల కేవిటీ (గుల్ల) ఉందని ఎక్స్‌రే రిపోర్టులో రాశారు. సర్కారు దవాఖానా మందులు రోజూ మూడు మాత్రల చొప్పున వేసుకుంటున్నారు. రెండు నెలలు నిండాక కళ్లె నెగెటివ్ వచ్చింది. జ్వరం లేదు, బరువు 44 కిలోల నుంచి 48కి పెరిగింది. అయితే ఈ మధ్య బయట తీయించిన ఎక్స్‌రేలో ‘కేవిటీ ఇంకా ఉంది, యాక్టివ్ కాక్స్ (ఇంకా చురుగ్గా ఉన్న టీబీ) కావచ్చు’ అని రాశారు. మందులు పనిచేయడం లేదా? సీటీ తీయించమని ఒకరు, హైదరాబాద్‌లో పెట్ స్కాన్ చేయించమని మా బంధువు అంటున్నారు. నెలనెలా ఎక్స్‌రే తీయించాలా? ఆరు నెలలకీ మచ్చ పోకపోతే మందులు ఇంకా వాడాలా? మళ్లీ గల్ఫ్‌కు పోవాలన్నది ఆయన ఆశ. ఆ మచ్చ పోతుందా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మందులు పనిచేస్తున్నాయి. జ్వరం పోయింది, నాలుగు కిలోలు పెరిగారు, కళ్లెలో క్రిములు కనబడలేదు. ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయి. ఎక్స్‌రే కూడా అదే చెబుతుంది, కాకపోతే కొన్ని నెలలు ఆలస్యంగా.

ఎందుకంటే ఎక్స్‌రేలో క్రిమి కనబడదు. దాని పొడవు మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుకు రెండు మూడింతలు మాత్రమే. ఫిల్మ్ మీద మీరు చూసే తెల్లటి నీడ క్రిమిది కాదు, క్రిమి చేసిన పాడుది. వాపు, చేరిన కణాలు, కుళ్లి పెరుగు ముద్దలా మారిన కండ, దాని చుట్టూ శరీరం కట్టుకున్న గోడ, అన్నీ కలిసి ఆ నీడ. మందులు క్రిముల్లో అత్యధిక భాగాన్ని మొదటి కొద్ది వారాల్లోనే చంపేస్తాయి. శరీరం ఆ చెత్తను ఎత్తిపోసి గాయాన్ని పూడ్చుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. వరి కోసిన మడిలో కొయ్యకాళ్లు ఉన్నాయని పంట ఇంకా ఉందనుకోం కదా.

అన్ని నీడలూ ఒకే వేగంతో పోవు. మబ్బులా మెత్తగా, అంచులు కలిసిపోయినట్టుండే నీడ కొత్త వాపుకు గుర్తు. ముందుగా తగ్గేది అదే, సాధారణంగా రెండు మూడు నెలలకు తేడా తెలుస్తుంది. కేవిటీ నెమ్మది. మొదట దాని గోడ పలచనవుతుంది, తర్వాత గుల్ల కుంచించుకుపోతుంది. కొందరికి పూర్తిగా మూసుకుపోయి గీతలా మిగులుతుంది, కొందరికి పలుచని గోడతో ఖాళీ గుల్లలా జీవితాంతం ఉండిపోతుంది. గట్టి గీతల్లా ఉండే ఫైబ్రోసిస్, సున్నంలా తెల్లగా మెరిసే కాల్సిఫికేషన్ మానిన గాయానికి గుర్తులు. అవి పోవు, పోనక్కర్లేదు. కాబట్టి రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టినప్పుడు ‘గుల్ల ఉందా, లేదా’ అని డాక్టర్‌ను అడగకండి. ‘గోడ పలచబడిందా? గుల్ల చిన్నదైందా? చుట్టూ ఉన్న మబ్బు తగ్గిందా? కొత్త చోట ఏమైనా వచ్చిందా?’ అని అడగండి.

ఇక ఆ రిపోర్టు సంగతి. ‘యాక్టివ్ కాక్స్ కావచ్చు’ అనే మాట తీర్పు కాదు, సందేహం. రాసిన రేడియాలజిస్టు ముందు బహుశా ఆ ఒక్క ఫిల్మే ఉంది. మీవారు రెండు నెలలుగా మందులు వాడుతున్నారని గానీ, కళ్లె నెగెటివ్ వచ్చిందని గానీ ఆ చీటీలో ఎవరూ రాసి ఉండరు. పై భాగంలో కేవిటీ కనబడితే ఎవరైనా అలాగే రాస్తారు. పైగా, ఎక్స్‌రే చదవడంలో మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. 1940లు, 50లలో అమెరికాలో ఈ విషయాన్ని కొలిచి చూశారు. ఒకే రోగి ఫిల్ములు రెండు చూపించి ‘మెరుగైందా, ముదిరిందా, అలాగే ఉందా’ అని అనుభవజ్ఞులనే అడిగితే, సుమారు మూడింట ఒక వంతు సందర్భాల్లో ఇద్దరికీ పొత్తు కుదరలేదు. అదే మనిషికి అవే ఫిల్ములు కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూపిస్తే అయిదింట ఒకసారి తన మాటకు తానే భిన్నంగా చెప్పాడు. టీబీ నయమవడాన్ని కళ్లె పరీక్షతో తేల్చాలనే పద్ధతి గట్టిపడటానికి ఇలాంటి లెక్కలూ ఒక కారణం. అందుకే ఈసారి వెళ్లేటప్పుడు మొదటి ఫిల్మ్, రెండో ఫిల్మ్, కళ్లె రిపోర్టులు, బరువు రాసిన కార్డు, అన్నీ ఒకే కవర్లో పట్టుకెళ్లండి.

రెండు ఫిల్ములూ పోల్చదగ్గవేనా అన్నది ఇంకో ప్రశ్న. ఇది కొంతవరకు ఇంట్లోనే చూసుకోవచ్చు. పగటి వెలుతురున్న కిటికీకి ఆనించి చూడండి. మెడ కింద రెండు కాలర్ ఎముకల లోపలి కొసలు వెన్నెముక మధ్యగీతకు సమాన దూరంలో ఉండాలి. లేకపోతే మనిషి పక్కకు తిరిగి నిలబడ్డట్టు, ఒక ఊపిరితిత్తి నల్లగా, ఒకటి తెల్లగా పడుతుంది. కుడివైపు డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) గీతకు పైన వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రావాలి. ఏడెనిమిదే వస్తే ఊపిరి నిండా పీల్చలేదన్నమాట. అప్పుడు కింది భాగాలు ఇరుకై, లేని నీడలు ఉన్నట్టు కనిపిస్తాయి. గుండె నీడ వెనక వెన్నుపూసలు లీలగా కనబడాలి. అసలు కనబడకపోతే ఫిల్మ్ తెల్లబారింది, మరీ స్పష్టంగా ఉంటే నల్లబారింది, చిన్న మచ్చలు అందులో మాయమైపోతాయి. నిలబెట్టి, వీపు వైపు నుంచి, 180 సెంటీమీటర్ల దూరంలో తీసేదే అసలు పద్ధతి. దాన్ని పీఏ వ్యూ అంటారు. మంచం మీద పడుకోబెట్టి ముందు నుంచి తీసిన ఏపీ ఫిల్మ్‌లో గుండె పెద్దదిగా పడుతుంది. దాన్ని పీఏ ఫిల్మ్‌తో పోల్చి ‘పెరిగింది, తగ్గింది’ అనడం పొరపాటు. వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే మెషీన్ మీద తీయించండి.

ఈ జవాబు చదివే ఆడవాళ్లకు ఒక మాట. భుజం మీద పడ్డ జడ కూడా ఎక్స్‌రేలో ఊపిరితిత్తి కొస దగ్గర నీడలా పడుతుంది, సరిగ్గా టీబీ వచ్చే చోటే. జడ పైకి ముడేసి, పుస్తెలతాడు, తాయెత్తు, పిన్నీసులు, హుక్కులున్న లోదుస్తులు తీసేసి నిలబడాలి. నెల తప్పి ఉంటే ముందే చెప్పాలి.

అయితే కేవిటీని తేలిగ్గా తీసిపారేయమనడం లేదు. రెండు సెంటీమీటర్ల కేవిటీలో, గాలి బాగా ఆడుతుంది గనుక, 10 కోట్ల దాకా క్రిములు ఉండగలవు. అదే పరిమాణంలో గాలి తగలని మూసుకుపోయిన గడ్డలో కొన్ని వందలే ఉంటాయి. మందు ఆ గుల్ల గోడ లోపలికి చేరడమూ కష్టమే. ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో, మొదట్లో కేవిటీ ఉండి, రెండు నెలలకు కళ్లె కల్చర్ (క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కూడా పాజిటివ్‌గా ఉన్నవాళ్లలో మందులు ముగిశాక సుమారు 20 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఆ రెండూ లేనివాళ్లలో 2 శాతం మందికే. అమెరికా మార్గదర్శకాల్లో ఈ రెండూ కలిసినవారికి, మొదటి రెండు నెలల తర్వాత వచ్చే రెండో దశను 4 నెలల నుంచి 7 నెలలకు పెంచమని, అంటే మొత్తం 9 నెలలు వాడమని చెప్పడం అందుకే.

గమనించారా, అక్కడ చూసింది కల్చర్. మీవారికి చేసింది మైక్రోస్కోప్ పరీక్ష అయి ఉంటుంది. మిల్లీలీటరు కళ్లెలో కనీసం అయిదు నుంచి పది వేల క్రిములుంటే గానీ మైక్రోస్కోప్‌లో కనబడవు. కల్చర్ అయితే పదుల సంఖ్యలో ఉన్నా పట్టేస్తుంది, వారాలు పడుతుందంతే. కాబట్టి పెట్ స్కాన్‌కు పెట్టే డబ్బు, తాపత్రయం పక్కనబెట్టి, టీబీ యూనిట్ డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: ‘మొదట్లో 3 సెంటీమీటర్ల కేవిటీ ఉంది కదా, కళ్లె కల్చర్‌కు పంపుతారా?’ కల్చర్ నెగెటివ్ వస్తే ఆరు నెలలకే ధైర్యంగా ఆపొచ్చు. పాజిటివ్ వస్తే ఏ మందుకు లొంగుతుందో కూడా అందులోనే తేలుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, మొదట్లో చేసిన ట్రూనాట్ పరీక్ష రిఫాంపిసిన్ గురించి మాత్రమే చెప్పింది. మరో ముఖ్యమైన టీబీ మందు ఐసోనియాజిడ్‌కు మొండికేసిన క్రిమి అందులో దొరకదు. ‘మళ్లీ ట్రూనాటే చేయించుకుంటే పోదా’ అనకండి. అది చచ్చిన క్రిమి డీఎన్ఏను కూడా పాజిటివ్‌గానే చూపిస్తుంది, మందుల మధ్యలో పనికిరాదు.

ఏ పరీక్షకైనా ఇచ్చేది కళ్లె కావాలి, ఉమ్మి కాదు. చాలా ‘నెగెటివ్’లు ఇక్కడే తప్పుతాయి. కోలుకుంటున్నవారికి దగ్గు తగ్గుతుంది, కళ్లె రాదు, ఇంత ఉమ్మి ఊసి డబ్బా ఇచ్చేస్తారు. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గాఢంగా ఊపిరి పీల్చి వదిలి, లోపలి నుంచి దగ్గి తీయాలి. చిక్కగా, జిగురుగా ఉన్నది 2 మిల్లీలీటర్లకు తగ్గకుండా ఉండాలి. గాలి ఆడే ఆరుబయట తీస్తే ఇంట్లోవాళ్లకూ మంచిది.

నెలనెలా ఎక్స్‌రే వద్దు. మొదట్లో తీసిందే అన్నిటికీ కొలబద్ద. రెండు నెలల దగ్గర ఒకటి ఉంటే మంచిదే, మీకు అది అయిపోయింది. ఇక మందులు ముగిసేనాడు ఒకటి. అది మానిందో లేదో తేల్చడానికి కాదు, ఇక మీదట దేనితో పోల్చాలో తెలియడానికి. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి, అంటే 6, 12, 18, 24 నెలల దగ్గర, టీబీ కార్యక్రమం వాళ్లు కబురు కనుక్కుంటారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే అప్పుడు కళ్లె, ఎక్స్‌రే. మధ్యలో ఎక్స్‌రే అవసరమయ్యేది ఏదైనా తేడా చేసినప్పుడు: తగ్గిన జ్వరం మళ్లీ రావడం, కళ్లెలో నెత్తురు, ఉన్నట్టుండి ఆయాసం, ఒకవైపు ఛాతీలో పొడిచినట్టు నొప్పి. హఠాత్తుగా నొప్పితో ఆయాసం వస్తే రేపటిదాకా ఆగకండి. ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటికి చేరి ఉండొచ్చు.

మొదటి నుంచీ కళ్లెలో క్రిమి దొరకని రోగుల సంగతి వేరు. కళ్లె తీయలేని పిల్లలదీ అంతే. వాళ్లకు నెగెటివ్ అవడానికి పాజిటివ్ ఎప్పుడూ లేదు కదా. బరువు, జ్వరంతోపాటు ఎక్స్‌రే మీదే ఎక్కువ ఆధారపడాలి. అలాంటి మనిషికి మూడు నెలలు సరిగా మందులు వాడినా ఫిల్మ్‌లో వీసమెత్తు తేడా లేకపోతే, మందుల్ని అనుమానించేముందు రోగనిర్ధారణనే అనుమానించాలి. పొగతాగే నడివయసు మనిషిలో టీబీ అనుకున్న గడ్డ క్యాన్సర్ కావడం అరుదేమీ కాదు.

ఫిల్మ్ నిజంగానే ముదిరితే ఏం చేస్తారు? ముందు చూసేది పైన చెప్పిన ఫిల్మ్ నాణ్యత. తర్వాత మాత్రలు: రోజూ వేస్తున్నారా, వాంతి అవుతోందా, మద్యం ఉందా, మాత్రల సంఖ్య బరువుకు తగ్గట్టు ఉందా. 35 నుంచి 49 కిలోల దాకా మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు మాత్రలు. మీవారు 48కి వచ్చారు గనుక, 50 దాటగానే డోసు మార్చాలా అని అడగండి. ఆపైన షుగర్. టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేయాలి. షుగర్ అదుపులో లేకపోతే నీడ తగ్గడం నత్తనడక నడుస్తుంది. అవన్నీ సరిగా ఉంటే మందుకు లొంగని క్రిమి కోసం కల్చర్. ఇంకొక కారణం ఉంది, వినడానికి విడ్డూరంగా ఉంటుంది: మందులు బాగా పనిచేస్తున్నప్పుడే నీడ పెరగడం. చచ్చిన క్రిముల ముక్కల మీద శరీరం తిరగబడి వాపు తెస్తుంది. దీన్ని ప్యారడాక్సికల్ రియాక్షన్ అంటారు. హెచ్ఐవీ మందులు కొత్తగా మొదలుపెట్టినవారిలో మొదటి మూడు నెలల్లో ఇది ఎక్కువ. మిగతా పరీక్షలన్నీ బాగుంటే టీబీ మందులు ఆపరు, మార్చరు. అవసరమైతే స్టీరాయిడ్ ఇస్తారు.

సీటీ మాట. సీటీ ఎక్స్‌రే కన్నా ఎక్కువ చూపిస్తుంది, మీ ప్రశ్నకు మాత్రం ఎక్కువ జవాబివ్వదు. ఇప్పుడు సీటీ తీస్తే గుల్ల ఇంకా స్పష్టంగా, దాని చుట్టూ ఎక్స్‌రేలో కనబడని చిన్న చిన్న చుక్కలు కూడా కనబడతాయి, మీ భయం రెట్టింపవుతుంది, చికిత్స మాత్రం అదే. పోల్చడానికి మొదట్లో తీసిన సీటీ కూడా లేదు. కళ్లెలో నెత్తురు ఎక్కువ పడితే, గుల్లలో బంతిలాంటిది కనబడితే, క్యాన్సర్ అనుమానం ఉంటే, ఆపరేషన్ ఆలోచన ఉంటే సీటీ కావాలి. రేడియేషన్ లెక్క చూసినా, ఒక ఛాతీ ఎక్స్‌రే 0.02 నుంచి 0.1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాకా, ఒక ఛాతీ సీటీ 5 నుంచి 7 దాకా. మట్టి, రాళ్లు, ఆకాశం నుంచి మనకు ఏడాదికి ఎలాగూ తగిలేది 2 నుంచి 3.

పెట్ స్కాన్‌లో చక్కెరను పోలిన రేడియోధార్మిక ద్రవం ఎక్కిస్తారు. వాపు ఉన్న చోట కణాలు దాన్ని పీల్చుకుని వెలుగుతాయి. అది టీబీనా, మానుతున్న గాయమా అని స్కాన్‌కు తెలియదు. దక్షిణాఫ్రికాలో, ఆరు నెలల మందులు ముగించి నయమైన రోగుల్ని పెట్ స్కాన్ చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. నయమై, తర్వాత కూడా తిరగబెట్టనివాళ్లలో చాలామందికి ఊపిరితిత్తుల్లో ఇంకా వెలిగే మచ్చలు ఉన్నాయి. పరిశోధకులకు అది గొప్ప సంగతి. మీ ఇంట్లో మాత్రం అది ‘ఇంకా ఉంది’ అనే భయంగా మారి, అక్కర్లేని మందుల దాకా తీసుకెళుతుంది. మీ బంధువు మంచి కోరే చెప్పారు, కానీ వద్దు.

ఈ మధ్య ఎక్స్‌రేను కంప్యూటరే చదివి అంకె ఇవ్వడం కూడా మొదలైంది. ఊళ్లలో చేతిలో పట్టుకునే మెషీన్లతో శిబిరాలు పెడుతున్నారు కదా, అక్కడ వాడేది అదే. 15 ఏళ్లు దాటినవారిలో అనుమానితుల్ని ఏరడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని సిఫార్సు చేసింది. చికిత్స ఎలా సాగుతోందో కొలవడానికి కాదు. పాత మచ్చకూ అది పెద్ద అంకె ఇవ్వగలదు. మీవారు రేపు ఏదైనా శిబిరంలో నిలబడితే ‘టీబీ అనుమానం’ అని రావచ్చు, గాభరా పడకండి.

ఇదే చదువుతున్నవారిలో వేరే అవయవాల టీబీ ఉన్నవాళ్లూ ఉంటారు. మెడ గడ్డల టీబీలో మందుల మధ్యలో గడ్డ పెరగడం, కొత్తది రావడం మామూలే, చేత్తో తడిమి కొలవడమే చాలు. వెన్నుపూస టీబీలో ఎమ్మారై మెరుగుదల మనిషి మెరుగుదల కంటే బాగా వెనకబడుతుంది, మూడో నెలలో తీసి బెంగపడకూడదు. కానీ కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా ఆ రోజే తీయాలి. మెదడు గడ్డలూ మందుల మీద ఉండగానే కొన్నాళ్లు పెరగొచ్చు. అన్నిటికంటే మోసం చేసేది కిడ్నీ టీబీ. అక్కడ మానడమే ప్రమాదం. మూత్రనాళంలో పుండు మానుతూ మచ్చకట్టి నాళం బిగుసుకుపోతుంది, మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బుతుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. మనిషి లావెక్కుతుంటాడు, లోపల కిడ్నీ పోతుంటుంది. వీళ్లు మాత్రం మందుల కాలంలో అప్పుడప్పుడూ అల్ట్రాసౌండ్ చేయించుకుని తీరాలి. నాళం బిగుస్తుంటే స్టెంట్ (సన్నని గొట్టం) వేసి కిడ్నీని కాపాడొచ్చు.

ఆరు నెలలకు మచ్చ మిగిలితే? కళ్లె నెగెటివ్, కల్చర్ నెగెటివ్, మనిషి బాగున్నాడు అంటే మచ్చ కోసం ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేయరు. దీనికంటే నాకు భయం వేసేది తిరగేసిన తప్పు: నాలుగో నెలలో ఎక్స్‌రే శుభ్రంగా వచ్చిందని మందులు మానేయడం. నీడ పోయినా నిద్రాణంగా దాగిన క్రిములు ఉంటాయి, చివరి నెలలు వాటి కోసమే. గుల్ల మిగిలినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2 సెంటీమీటర్లు దాటిన ఖాళీ గుల్లలో ఏళ్ల తర్వాత బూజు ఉండకట్టొచ్చు, లేదా గోడలోని రక్తనాళం చిట్లొచ్చు. రెండింటికీ గుర్తు కళ్లెలో నెత్తురు. చారలైతే ఆ వారంలోనే చూపించుకోండి. టీకప్పు దాకా పడితే నెత్తురు ఏ వైపు ఊపిరితిత్తి నుంచి వస్తోందో ఆ వైపుకే ఒరిగించి పడుకోబెట్టి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. నెత్తురు పడిన ప్రతిసారీ టీబీ తిరగబెట్టినట్టు కాదు, కళ్లె పరీక్ష లేకుండా మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టనివ్వకండి.

గల్ఫ్ గురించి దాచకుండా చెబుతాను. అక్కడి కొత్త వీసాల వైద్య పరీక్షల్లో, జబ్బు నయమైనా, ఛాతీలో పాత టీబీ మచ్చ కనబడితే ‘అన్‌ఫిట్’ రాసే నిబంధన చాలాకాలంగా ఉంది. వైద్యపరంగా అది న్యాయమా అంటే కాదనే నా అభిప్రాయం, కానీ అక్కడ చెల్లేది నా అభిప్రాయం కాదు. నిబంధనలు దేశాన్నిబట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి. 3 సెంటీమీటర్ల కేవిటీ మానాక ఏదో ఒక గుర్తు మిగిలే అవకాశమే ఎక్కువ. మచ్చ కరిగించే మందు లేదు. ఉందని చెప్పి డబ్బు అడిగే ఏజెంటును, వేరే మనిషి ఎక్స్‌రే పెట్టిస్తామనేవాణ్ని గడప తొక్కనివ్వకండి. మందులు ముగిశాక తీసిన ఎక్స్‌రే చేతికొచ్చాకే, ఆ దేశానికి ఇప్పుడు ఏ నిబంధన ఉందో కనుక్కున్నాకే, వీసాకు రూపాయి కట్టండి.

ఏ దేశానికి వెళ్లాలన్నా, ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నా అక్కరకొచ్చేవి పాత ఫిల్ములే. ‘ఈ మచ్చ రెండేళ్లుగా ఇలాగే ఉంది’ అని చెప్పగలిగేది అవొక్కటే. ఇప్పటి ఫిల్ములు వేడికి, ఎండకు నల్లబడతాయి, బండి డిక్కీలో, రేకుల కింద పెట్టకండి. మడత పెట్టకుండా బీరువాలో బల్లపరుపుగా ఉంచండి. స్కానింగ్ సెంటర్‌లో సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్మ్‌ను కిటికీకి పెట్టి ఫోన్లో తీసిన వాట్సాప్ ఫొటో మీద ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. చికిత్స ముగిసిన రోజున నిక్షయ్‌లో (టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతి) ‘నయమైంది’ అని నమోదు చేయించి, ఆ ధ్రువపత్రం ఫిల్ములతోపాటే పెట్టుకోండి. సందేహం వస్తే నిక్షయ్ ఉచిత నంబరు 1800-11-6666.